డీజిల్ తాగిన ఎర్రమన్ను: 260 రోజుల పని డైరీ

బెంగళూరు కృష్ణరాజపురం వైపున్న మా అపార్టుమెంటులో 62.5 కేవీఏ జనరేటరు నుంచి ట్యాంకుకు తిరిగివెళ్లే డీజిల్ పైపు, సిమెంటు గచ్చు కింద ఒక ఎల్బో (పైపు మలుపు) దగ్గర తుప్పుపట్టి కొన్ని నెలల పాటు కారింది. ఆ మన్నును తవ్వి తీసి, గుట్టగా పోసి, గాలీ నీరూ ఎరువూ అందించి, అందులోని సూక్ష్మజీవుల చేతనే శుభ్రం చేయించడానికి 2024 జనవరి 22 నుంచి అక్టోబరు 8 వరకు పట్టింది. రసాయన పరిశ్రమలో నాణ్యతా విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి కాబట్టి కొలతలు నా వంతుకు వచ్చాయి. ఇదే పని చేయవలసి వచ్చినవారు నా తప్పులు మళ్లీ చేయకుండా ఉండడానికి ఈ డైరీని శుభ్రప్రతిగా రాస్తున్నాను.

కారింది డీజిల్ కనుకనే ఈ పని మా ఆవరణలో చేయగలిగాము. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఆవిరి అంటుకోవాలంటే అది కనీసం 35 డిగ్రీలకు వేడెక్కాలి, పెట్రోలుకు మాత్రం సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరి ఉంటుంది. పెట్రోలు కారిన చోట ఎవరూ ఇది చూసి గడ్డపార పట్టవద్దు. నూనె కలిసిన మన్ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తుంది కాబట్టి, తవ్వడానికి ముందే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

దశ 1: ఎంత కారింది, ఎక్కడ ఆగింది

గచ్చు పక్కన నందివర్ధనం కంచె ఒక మూరెడు మేర ఎండిపోవడంతో మొదట గ్యాసు పైపు మీద అనుమానం వచ్చింది. ఆ అనుమానం అర్థం లేనిది కాదు. సహజవాయువు మట్టిలోకి కారితే, మీథేనును తినే బాక్టీరియా మట్టిలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి, వేళ్లకు ఊపిరాడక మొక్కలు చనిపోతాయి. గ్యాసుకు కలిపే ఘాటు వాసనను మట్టి పీల్చుకుని ఆపేయగలదు, అందువల్ల వాసన రాకపోవడం లీకు లేదనడానికి రుజువు కాదు. గ్యాసు సంస్థ వారు వచ్చి తమ పైపు బాగానే ఉందని తేల్చిన తర్వాతే మా దృష్టి జనరేటరు వైపు మళ్లింది.

జనరేటరు గంటల మీటరు ప్రకారం ఆగస్టు నుంచి డిసెంబరు వరకు అది 71 గంటలు నడిచింది. గంటకు సుమారు 8 లీటర్ల చొప్పున 568 లీటర్లు ఖర్చు కావాలి. పోయించినది 630 లీటర్లు. తేడా 62 లీటర్లు, అంటే దాదాపు 51 కిలోలు.

చేతితో తిప్పి నేలలో సన్నని గుంట తొలిచే ఆగర్‌తో 2.4 మీటర్ల లోతున అయిదు గుంటలు వేశాము. పైపు కింద డీజిల్ జానెడు వెడల్పున నిలువుగా దిగి, 1.1 మీటర్ల దగ్గర గట్టిగా దిమ్మిస చేసిన పొర తగలగానే పళ్లెంలా పరుచుకుంది. అక్కడి నుంచి పునాది గోడ పక్కనున్న వదులు మన్ను వెంట 2.2 మీటర్ల దాకా పాకింది. డీజిల్ దిగిన దారిపొడుగునా మట్టి రేణువుల సందుల్లో కొంత చిక్కుకుని మిగిలిపోతుంది. కారినది కొద్దిగా అయి, భూగర్భజలం లోతుగా ఉంటే, నీటిని చేరేలోపే మొత్తం ఇలా మట్టికే అంటుకుపోతుంది. నీరు దగ్గరగా ఉండే ఊళ్లలో అది నీటిమట్టం మీద తేలి, మట్టం లేచి దిగినప్పుడల్లా చుట్టూ పూసుకుంటుంది. మాది మొదటి రకం కావడం అదృష్టం.

2.1 మీటర్ల దగ్గర ఆగర్‌లో వచ్చిన మన్ను చూసి ఆశ్చర్యపోయాను. పైనంతా మామూలు ఎర్రమన్ను, అక్కడ మాత్రం అరచేతిలో పెట్టుకుంటే బూడిదరంగులో, అంచుల్లో పాచిపచ్చ చారలతో ఉంది. అరగంట గాలికి ఆరబెట్టేసరికి అంచులు మళ్లీ కొద్దిగా గోధుమరంగుకు తిరిగాయి. ఎర్రమన్నుకు ఆ రంగు ఇచ్చేది తుప్పు రూపంలో ఉన్న ఇనుము. ఆక్సిజన్ అయిపోయిన చోట బాక్టీరియా నైట్రేట్‌ను, తర్వాత మాంగనీసును, తర్వాత ఆ ఇనుమును, ఆపైన సల్ఫేట్‌ను ఆక్సిజన్‌కు బదులుగా వాడుకుంటాయి. అవన్నీ తరిగిపోతే చివరికి మీథేను పుడుతుంది. మట్టి బూడిదరంగుకు మారిందంటే అక్కడ డీజిల్ విచ్ఛిన్నం అప్పటికే మొదలైందనీ, గాలి లేక నత్తనడక నడుస్తోందనీ నాకు అర్థమైంది.

ఇక్కడే మొదటి కొలత తప్పు జరిగింది. మ్యాన్‌హోళ్లలో దిగేముందు వాడే నాలుగు వాయువుల మీటరును అద్దెకు తెచ్చి, 2.2 మీటర్ల గుంట నుంచి వాయువు లాగితే ఆక్సిజన్ 1.4 శాతం, మండే వాయువు సున్నా అని చూపింది. ఆ సున్నాను నమ్మి నోటుబుక్కులో రాసుకున్నాను. మండే వాయువును కొలిచే పూసలాంటి సెన్సరు ఆ వాయువును తనలో కాల్చి కొలుస్తుందనీ, కాల్చడానికి నమూనాలో దాదాపు 10 శాతం ఆక్సిజన్ ఉండాలనీ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. మర్నాడు చేసినది ఇది:

1. ఫుట్‌బాల్ బ్లాడరులోకి పెద్ద సిరంజితో గుంట వాయువు ఒక వంతు, బయటి గాలి ఒక వంతు ఎక్కించాను.
2. మిశ్రమంలో ఆక్సిజన్ 11 శాతం వచ్చింది, మండే వాయువు 4 చూపింది. రెట్టింపు చేస్తే 8.
3. అదే మిశ్రమాన్ని యాక్టివేటెడ్ బొగ్గు నింపిన గొట్టం గుండా పంపాను. బొగ్గు డీజిల్ ఆవిరిని పట్టేస్తుంది, మీథేనును వదిలేస్తుంది. అప్పుడు 3 చూపింది, రెట్టింపు చేస్తే 6.

అంటే అందులో ముప్పాతిక వంతు మీథేనే. మీటరులో 100 అంటే గాలిలో 5 శాతం మీథేను కాబట్టి, మా గుంటలో ఉన్నది 0.3 శాతం. ప్రమాదం లేని మోతాదే అయినా, "సున్నా" అని రాసి ఉంచిన కాగితంతో కూలీలను గుంటలోకి దింపేవాణ్ణి.

ఇప్పటిదాకా ఖర్చు: ఆగర్ 2,800, మీటరు అద్దె 3,500, మూడు లాబ్ పరీక్షలు 12,600. మొత్తం రూ. 18,900.

దశ 2: తవ్వకం, గుట్ట

కదిరి నుంచి వచ్చిన మేస్త్రీ, ముగ్గురు కూలీలు 1.7 మీటర్ల దాకా తవ్వారు. ఆ కింద ఒక స్తంభం పునాది ఉండడంతో ఆపేశాము, అడుగున మిగిలినదాన్ని దశ 6కు వాయిదా వేశాము. తీసిన మన్ను వదులుగా 4 ఘనమీటర్లు, దాదాపు 4,800 కిలోలు. మందపాటి నల్ల షీటు మీద, చుట్టూ ఇటుకల గట్టు కట్టి, కారే నీరు ఒక మూలనున్న బకెట్టులోకి చేరేలా వాలు పెట్టి గుట్ట పోశాము. లోపల రెండు వరసల రంధ్రాల పీవీసీ పైపులు, పైన టార్పాలిన్ వేశాము.

ఎనిమిది చోట్ల నుంచి తీసి కలిపిన నమూనాలో కిలో మట్టికి 8,600 మిల్లీగ్రాముల డీజిల్ తేలింది. మొత్తం మీద 41 కిలోలు. పోయిన 51 కిలోలలో మిగతాది గుంట అడుగున కొంత, ఆవిరై కొంత, జనరేటరు వాడకాన్ని నేను వేసిన అంచనాలో కొంత ఉండాలి.

ఇప్పటిదాకా: రూ. 35,400. గుట్టలో డీజిల్ 41 కిలోలు.

దశ 3: నలభై అయిదు రోజులు వృథా

మూడు తప్పులు ఒకేసారి చేయడం వల్ల ఏది ఎంత చెడగొట్టిందో విడదీయడానికి చాలా రోజులు పట్టింది.

మొదటిది గాలి. డీజిల్‌ను పూర్తిగా బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చాలంటే కిలోకు 3.5 కిలోల ఆక్సిజన్ కావాలి. 41 కిలోలకు 145 కిలోల ఆక్సిజన్, అంటే 630 కిలోల గాలి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో గాలి కాస్త పలుచన కాబట్టి అది 590 ఘనమీటర్లకు తేలుతుంది. పంపిన గాలిలో పదో వంతు ఆక్సిజన్ మాత్రమే వాడకమవుతుందనుకుంటే దాని పదింతలు పంపాలి. నేనేమో నిమిషానికి 4 లీటర్లిచ్చే అక్వేరియం పంపు పెట్టాను, అది రోజంతా నడిచినా 6 ఘనమీటర్లు దాటదు. పైగా పైపులకు చివరిదాకా రంధ్రాలు వేయించడం వల్ల ఉన్న కాస్త గాలీ గట్టు పక్కనుంచే బయటికి పోయింది. అగరుబత్తి పొగతో చూద్దామని ఎవరో అన్నారు గానీ డీజిల్ గుట్ట దగ్గర నిప్పు వద్దని, అంచుల్లో సబ్బు నురుగు పూసి చూస్తే ఎక్కడ బుడగలు వస్తున్నాయో కనిపించింది.

రెండవది నీరు. "ఎన్ని బిందెలు పోసినా లోపలికి దిగడం లేదు సార్, పక్కలకు జారిపోతాంది" అని మేస్త్రీ మొదటి వారమే చెప్పాడు. నేను పట్టించుకోలేదు. తర్వాత ఒక పిడికెడు మన్నును చదును చేసి సిరంజితో ఒక్క చుక్క వేసి గడియారం పట్టుకుంటే, అది తామరాకు మీది నీటిబొట్టులా నాలుగు నిమిషాలు గుండ్రంగా నిలిచి, చుట్టూ ఎర్రటి ధూళిని ఒంటికి అంటించుకుని, చివరికి దొర్లిపోయింది. శుభ్రమైన మన్ను అదే చుక్కను ఒక్క సెకనులో తాగేసింది. నూనె పూసుకున్న రేణువులు నీటిని దగ్గరకు రానివ్వవు, నీటి పొర లేనిచోట బాక్టీరియా బతకదు. గుట్ట పైన తడిగా కనిపించినా లోపల తేమ 12 శాతం దగ్గరే ఉండిపోయింది.

మూడవది ఎరువు, నాకు అన్నిటికంటే సిగ్గు కలిగించిన తప్పు ఇదే. బాక్టీరియాకు వంద వంతుల కార్బన్‌కు పది వంతుల నత్రజని, ఒక వంతు భాస్వరం కావాలన్న లెక్క అందరూ చెప్పేదే. 41 కిలోల డీజిల్‌లో 35 కిలోల కార్బన్, దానికి 3.5 కిలోల నత్రజని, 0.35 కిలోల భాస్వరం. ఆ లెక్కన 6.9 కిలోల యూరియా, 1.75 కిలోల డీఏపీ ఒకే రోజు కలిపించాను. మన్ను పీహెచ్ (ఆమ్లత కొలత, 7 కంటే తక్కువైతే పులుపు) 5.9 ఉందని అదే రోజు సున్నం కూడా చల్లించాను. మూడవ రోజుకు టార్పాలిన్ ఎత్తితే కళ్లలో నీళ్లు తిరిగేంత అమ్మోనియా వాసన. యూరియా విడిపోయి అమ్మోనియా అవుతున్నప్పుడు పక్కనే సున్నం ఉంటే అది వాయువుగా లేచిపోతుందని చదువుకున్నవాణ్ణే. పీహెచ్ 8.7కు ఎక్కింది. వంద, పది, ఒకటి అన్న నిష్పత్తి మొత్తం పనికి పట్టే తిండి లెక్క మాత్రమే. సూక్ష్మజీవి ఈదేది మట్టిలోని నీటిలో, మా గుట్టలో ఆ నీరు 580 లీటర్లే. అందులో 3.5 కిలోల నత్రజని కరిగితే లీటరుకు 6,000 మిల్లీగ్రాములు, అది ఊరగాయ జాడీకి తగిన ఉప్పదనం. లీటరుకు 2,000కు మించనివ్వకూడదని నేను ఇప్పుడు పెట్టుకున్న హద్దు. ఆ లెక్కన మొదటి మోతాదు మూడో వంతుతో ఆగిపోవలసింది.

45వ రోజున, మార్చి 7న, పంపు ఆపి చూస్తే గుట్టలోని ఆక్సిజన్ గంటకు 0.08 శాతం చొప్పున తగ్గింది. శుభ్రమైన మన్ను కూడా అంతమాత్రం ఊపిరి పీలుస్తుంది. లాబ్ ఫలితం 7,900 మిల్లీగ్రాములు. తగ్గిన ఆ 700 చాలావరకు ఆవిరై ఉంటుంది.

ఇప్పటిదాకా: రూ. 41,400. గుట్టలో డీజిల్ 38 కిలోలు.

దశ 4: మరమ్మతు

ఇటుక దిమ్మెల్లా దొరికే కొబ్బరి పొట్టు అయిదేసి కిలోలవి ముప్పై తెచ్చి నానబెట్టి కలిపాము. పొట్టు తన బరువుకు అయిదు రెట్ల నీటిని పట్టుకోగలదు, మన్నును గుల్లగా కూడా చేస్తుంది. ఆ మార్చిలోనే బెంగళూరులో నీటి ఎద్దడి వచ్చి, తోటలకూ కార్లు కడగడానికీ తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. దాంతో మా ఆవరణలోని మురుగునీటి శుద్ధి కేంద్రంలో తయారయ్యే నీటినే, అందులో కలిపే క్లోరిన్ పోయేలా ఒక రాత్రి డ్రమ్ములో నిలవబెట్టి వాడాము.

నీరు దిగడానికి కుంకుడుకాయలు ఉపయోగపడ్డాయి. రెండు కిలోల కాయలు దంచి నానబెట్టిన రసాన్ని మొదటి రెండు తడుపుల్లో కలిపాము. నురుగునిచ్చే ఆ పదార్థం నూనెకూ నీటికీ మధ్యనున్న విముఖతను తగ్గిస్తుంది. ఇది కింద షీటు ఉన్న గుట్టలో మాత్రమే చేయదగిన పని. నేరుగా నేల మీద పోస్తే డీజిల్‌ను మరింత లోతుకు మనమే సాగనంపినట్లవుతుంది. వారం తర్వాత నీటిచుక్క పరీక్షలో నాలుగు నిమిషాలు కాస్తా తొమ్మిది సెకన్లకు దిగింది.

చేసిన మార్పుల వరస:

1. పైపుల చివరి మీటరు రంధ్రాలు మూసి, నిమిషానికి 45 లీటర్ల పంపును రోజుకు 12 గంటలు నడిపాము (32 ఘనమీటర్లు).
2. పది రోజుల్లో 800 లీటర్ల నీరు ఇచ్చాము, బకెట్టులో చేరినదాన్ని తిరిగి గుట్ట మీదే పోశాము.
3. నీరు పెరగడంతో నత్రజని లీటరుకు 2,500 దగ్గరకు దిగింది, అమ్మోనియాగా పోయింది పోగా ఇంకా తక్కువే ఉంటుంది. కొత్తగా ఏమీ వేయలేదు.
4. శుభ్రమైన మన్ను, అదే పొట్టు, అదే కుంకుడు రసం కలిపి ఒక డ్రమ్ములో పోలిక కోసం ఉంచాను. పొట్టూ కుంకుడూ కూడా బాక్టీరియాకు తిండే, వాటి ఊపిరిని డీజిల్ ఖాతాలో రాయకూడదు.

డీజిల్‌ను తినే బాక్టీరియాను కొని తేవాలని మా అపార్టుమెంటు సంఘంలో ఇద్దరు పట్టుబట్టారు. దేశంలో ఆ మిశ్రమాలు లేకపోలేదు, టెరి సంస్థ రూపొందించిన ఆయిల్‌జాపర్ నూనె బావుల దగ్గర వాడుతున్నదే. అయితే నెలల తరబడి డీజిల్ తాగిన మన్నులో దానికి అలవాటుపడ్డవి ఇప్పటికే ఉంటాయి. గాలీ నీరూ లేకుండా కొత్తవాటిని తెచ్చినా వాటి గతీ అంతే అవుతుందని వాదించాను. మార్చి 18న గంటకు ఆక్సిజన్ తగ్గుదల 0.3 శాతానికి, నెలాఖరుకు 1.0 శాతానికి చేరడంతో ఆ చర్చ సద్దుమణిగింది.

ఇప్పటిదాకా: రూ. 56,100.

దశ 5: ఊపిరి లెక్క

వారానికోసారి పంపు ఆపి, 50 సెంటీమీటర్ల లోతు గొట్టం నుంచి గంటగంటకూ ఆరు గంటల పాటు ఆక్సిజన్ కొలిచాను. మార్చి 30న అది 20.7 నుంచి 14.7కు దిగింది. డ్రమ్ములోని పోలిక మన్ను గంటకు 0.1 తాగింది, దాన్ని తీసేస్తే డీజిల్ వంతు 0.9. గుట్టలో కిలో మన్నుకు 0.55 లీటర్ల గాలి జాగా ఉందని, ఈ ఎత్తులో లీటరు ఆక్సిజన్ 1.19 గ్రాములని తీసుకుంటే, రోజుకు కిలో మన్నులో 40 మిల్లీగ్రాముల డీజిల్ కాలుతోందని తేలుతుంది.

లాబ్ ఫలితాలు ఇలా వచ్చాయి: 100వ రోజు (మే 1) 4,700, 160వ రోజు (జూన్ 30) 2,100, 230వ రోజు (సెప్టెంబరు 8) 1,050. మే 1 నమూనాను మొదట మామూలు పద్ధతిలో చేయిస్తే 6,300 వచ్చి గుండె జారిపోయింది. కొబ్బరి పొట్టులోని మైనాలూ కొవ్వులూ కూడా ద్రావకంలో కరిగి డీజిల్‌గా లెక్కకెక్కాయి. అలాంటి కొవ్వులను పట్టేసే సిలికా జెల్ గుండా వడకట్టి, అణువులను విడదీసి కాగితం మీద వేర్వేరు గీతలుగా చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయమని ప్రత్యేకంగా అడగాలి. లాబ్ వారు తప్పు తమది కాకపోయినా రెండవసారి డబ్బు తీసుకోలేదు.

సంఘం కోశాధికారి గుంటూరు ఆవిడ, లెక్క వదలని మనిషి. "అంతా గాలికి ఎగిరిపోయి ఉంటుందేమో అన్నయ్యగారూ, మీరు బాక్టీరియాకు పేరు కడుతున్నారు" అన్నారు. ఆ సందేహానికి జవాబు క్రొమటోగ్రఫీ కాగితంలోనే ఉంది. డీజిల్‌లో 17 కార్బన్ల నిలువు గొలుసు అణువూ, ప్రిస్టేన్ అనే కొమ్మల అణువూ దాదాపు ఒకే వేగంతో ఆవిరవుతాయి, గీతలో పక్కపక్కనే ఉంటాయి. బాక్టీరియా మాత్రం నిలువు గొలుసును ముందు తింటాయి, కొమ్మలున్నదాన్ని ఆలస్యంగా ముట్టుకుంటాయి. జనవరిలో మొదటిది రెండవదానికి 2.1 రెట్లుండేది, మే నాటికి 0.4కు పడిపోయింది. గాలికి ఎగిరిపోయి ఉంటే రెండూ కలిసే తగ్గాలి. కాగితం మీద పొడుగ్గా నిలబడే ఆ గీత పొట్టిదై, పక్కనున్నదాని భుజం కిందికి దిగడం ఆవిడకు వేలు పెట్టి చూపించాను. చెక్కు మీద సంతకం పెట్టారు.

అయితే ఆవిడ సందేహంలో కొంత నిజం లేకపోలేదు. 45వ రోజు నుంచి 230వ రోజు వరకు లాబ్ ప్రకారం కిలోకు 6,850 మిల్లీగ్రాములు పోతే, ఊపిరి లెక్క 3,930కే సాక్ష్యం చెప్పింది. మిగతాదాంట్లో ఒక భాగం పంపు గాలితో ఆవిరైంది. మరో భాగం కాలిపోకుండా బాక్టీరియా ఒంట్లో చేరింది, తిన్నదంతా ఎవరూ ఊపిరిగా వదలరు. ఏది ఎంతో విడదీసే సాధనం నా దగ్గర లేదు.

ఇప్పటిదాకా: రూ. 75,700. గుట్టలో డీజిల్ 5 కిలోలు.

దశ 6: ఆగిపోయిన చోటు, గుంట అడుగు

260వ రోజున 980 మిల్లీగ్రాములు. ముప్పై రోజుల్లో 70 మాత్రమే తగ్గింది, అది కొలతలో వచ్చే తేడాకంటే పెద్దదేమీ కాదు. యూరియా కాస్త ఇచ్చి, మన్ను తిరగవేసి చూసినా ఆక్సిజన్ తగ్గుదల కదలలేదు. మిగిలినవి ఎక్కువగా ఉంగరాల ఆకారపు బరువైన అణువులు, రేణువుల లోపలి సందుల్లో దాక్కున్నవి. నీటిచుక్క సెకనులో ఇంకుతోంది, గుట్ట అంచున చల్లిన మెంతులు మొలిచాయి. అయినా ఈ మన్నును తోటలో పోయనివ్వలేదు, కొత్త జనరేటరు గచ్చు కింద పరవడానికి పక్కన పెట్టాము.

నలభై మీటర్ల దూరంలోని మా బోరు నీటిని కూడా పరీక్షించాము, బెంజీను కనిపించలేదు. నీటి విషయంలో డీజిల్‌లో భయపడవలసింది ముఖ్యంగా అలాంటి కరిగే తేలిక అణువులకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో బెంజీనుకు పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము.

పునాది పక్కన తవ్వలేక వదిలిన మన్నులోకి ఆగస్టులో రెండు రంధ్రాల పైపులు దింపి, అదే పంపుతో నెమ్మదిగా గాలి పంపుతున్నాము. అక్కడ మండే వాయువు కొలత ఎప్పుడూ బ్లాడరులో సగం గాలి కలిపే తీస్తున్నాను. ఆక్సిజన్ 1.4 నుంచి ఆగస్టు 30న 5.2కు, అక్టోబరు 8న 9.6కు వచ్చింది. బొగ్గు గొట్టం దాటి వచ్చే మండే వాయువు ఇప్పుడు నిజంగానే సున్నా. పైపు పక్కన ఆగర్ దింపి తీసిన మన్ను ఇంకా బూడిదరంగులోనే ఉంది, చారల అంచుల్లో మాత్రం తుప్పు రంగు తిరిగి రావడం మొదలైంది. తర్వాతి కొలత జనవరిలో.

ఇప్పటిదాకా: రూ. 88,200.